సావుకారి పరుపు

హుసేనమ్మ పగలమారిదని మా ఈదిలో అంటారు. ఔ, పగలమారిదే. ఏం, తప్పా? ఎవడో నీ మొగాన ఉమ్మితే తుడుసుకోని పోయేది మంచిది, ఉమ్మినోన్ని నిలబెట్టి అడిగేది సెడ్డదా? నాకు ఆ లెక్క తెల్దప్పా. నేను ఆమెతో ఒకే షెడ్డులో పని సేసేదాన్ని, ఒకే ఈదిలో ఉండేదాన్ని. నా పేరు మద్దమ్మ. సంగతంతా సెప్తా, ఇను. ఇన్నాక నీకేమనిపిస్తే అది అనుకో.

హుసేనమ్మ పుట్టింది నందవరం పక్క పల్లెలో, దూదేకులోళ్ళ ఇంట్లో. వాళ్ళ నాయన దూది ఏకే విల్లు బుజానేసుకోని ఎమ్మిగనూరు దాకా ఊరూరు తిరిగి పరుపులూ బొంతలూ కుట్టేటోడు. ఈమె సిన్నపిల్లప్పుడు ఆయన ఎనకే పోయి దబ్బనానికి దారం ఎక్కిచ్చి ఇచ్చేదంట. ఒకసారి బస్సు కండక్టరు ఒకడు, దూది మూట సీట్లకు అడ్డమైతాందని నడి దోవలో మూటను కింద పారేసి, తండ్రీబిడ్డల్ని దింపేసి పోయినాడంట. మూట పగిలి దూదంతా చేండ్లెంబడి ఎగిరిపోయిందంట. ముసలాయన ఏరుకున్నెంత ఏరుకోని, ఏమీ అనకుండా నడిసినాడంట.

హుసేనమ్మ మాత్రం ఆ కండక్టరు మొగాన్ని మర్సిపోల్యా. ఆదోనిలో కాపురానికొచ్చినాక, ఎన్నో ఏండ్లకు, అదే కండక్టరు పరుపు తిరగేయించుకునేకి వీళ్ళింటికే వచ్చినాడు. ఈమె తొలిసూపులోనే పట్టేసింది. పరుపు బాగ కుట్టిచ్చింది, పనిలో వంక పెట్టేకి ల్యా. ఇచ్చేటప్పుడు మాత్రం, "ఆటోలోళ్ళు పరుపులు ఎక్కిచ్చుకోరప్పా, నెత్తిన పెట్టుకోని పో" అని ఆయప్ప నెత్తికెత్తింది. మిట్టమధ్యాన్నం, వైశాఖం ఎండ. బస్టాండు దాకా ఆయప్ప మోసుకోని పోతాంటే ఈమె గడపలో కూకోని సూసింది. ఎందుకే అంటే అప్పుడు సెప్పింది నాకు ఆ కత.

ఆమె మొగుడు వాజిద్. అయ్యో, ఆ మనిషిని ఏమని సెప్పాల. నోట్లో నాలిక లేనోడు. ఎవరన్నా తిడితే, తిట్టినోనికి గొంతెండుతుందేమోనని నీళ్ళు తెచ్చిచ్చే రకం. కానీ దూది పనిలో ఆయప్పను మించినోడు ల్యా. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దోవలో మహేశ్వర్ సావుకారికి దూది ఫ్యాక్టరీ ఉండాది. పుండ్లు తుడిసేకి ఆసుపత్రుల్లో తెల్లదూది వాడతారు సూడు, అది. పత్తిని ఉడకబెట్టి, తెల్లగ సేసి, ఆరబెట్టి, కార్డింగ్ మిషన్లో ఏకి, రోల్ సుట్టి, నీలం కాయితం సుట్టేది. నేనూ హుసేనమ్మా కాయితం సుట్టే కాడ. వాజిద్ కార్డింగ్ మిషన్ కాడ. మాపటేల ఇంటికొచ్చి పరుపులు కుట్టేటోడు. రెండు సేతులా పని, ఇంట్లో బువ్వకు లోటు ల్యా.

కార్డింగ్ మిషనంటే ఏం లేదు, పెద్ద ఇనప డ్రమ్ము. దానికి ఒళ్ళంతా సన్న తీగ ముళ్ళు. డ్రమ్ము తిరిగేకొద్దీ ఆ ముళ్ళు దూదిని దువ్వుతాయి. ముళ్ళు పాతబడితే ఇరుగుతాయి. ఇరిగింది యాడికి పోతాది? దూదిలోకే పోతాది. వాజిద్ మూడు నాలుగు తూర్లు సావుకారికి సెప్పినాడు, తీగ మార్సాలప్పా, ముళ్ళు రాల్తాండాయి అని. "మా నాయన పెట్టిన మిషన్రా ఇది. ఈ సీజను లాగిచ్చు, సూద్దాం" అనేటోడు సావుకారి. సీజన్లు పోతానే ఉండె, తీగ మాత్రం అదే.

ఐదేండ్ల కిందట బళ్ళారి దిక్కు నుంచి లోడు లోడంతా తిరిగొచ్చె. దూది రోల్లో ఇనప ముక్కంట, ఒక నర్సమ్మ ఏలికి గుచ్చుకోనిందంట. దూది కొనేటోళ్ళంతా ఫోన్ల మీద ఫోన్లు. సావుకారికి సెమటలు పట్టె. తీగ మార్సలేదని తెలిస్తే ఎవడన్నా మళ్ళా కొంటాడా? అప్పుడు ఏం సేసినాడో తెలుసా? వాజిద్‌ను బండెక్కిచ్చుకోని మార్కెట్ యార్డుకు తీస్కపోయినాడు. పత్తి యేలం జరుగుతాండాది, యాపారస్తులంతా ఆడనే ఉండారు. నడుమ నిలబెట్టి, తన జేబులో సెయ్యి పెట్టి, పరుపులు కుట్టే దబ్బనం బయటికి తీసి అందరికీ సూపిచ్చినాడు.

"ఇదో సూడండప్పా. నా జీతం తింటా, నా ఫ్యాక్టరీలో కూకోని పరుపుల దబ్బనాలు నూరుకుంటాండాడు వీడు. ఆ దబ్బనం ఇరిగి నా దూదిలో పడింది. నా మిషన్లో ఏం దోషం ల్యా. వీన్ని ఈ పొద్దే తీసేస్తాండా."

వాజిద్ నోరు తెరిసే లోపలే ఎవరో నవ్వినారంట. ఇంగెవరో "సూది వాజిద్" అన్యారంట. అంతే, ఆ పేరు అతుక్కున్యాది. వాని నోట్లో పురుగుబడ, ఆ పేరు పెట్టినోడెవడో నాకు ఇప్పటికీ తెల్దు.

ఉద్యోగం పోతే పోయె, పరుపుల పని ఉండాది కదా అనుకుంటిమి. యాడిది? సూది వాజిద్ కుట్టిన పరుపు మింద ఎవరు పండుకుంటారు? పసిపిల్లోళ్ళు ఉండే ఇండ్లోళ్ళు ఇచ్చిన పరుపులు గూడా ఎనక్కి తీస్కపోయిరి. ఎమ్మిగనూరు పోయినాడు, ఆడికీ ఆ పేరు పోయింది. తుగ్గలి పోయినాడు, దేవనకొండ పోయినాడు. పేరు ఆయప్ప కంటే ముందు బస్సెక్కినట్లుండాది. ఆకరికి చెనిక్కాయ పీకే కూలికి పోబట్టె. తాతల కాన్నుంచి దూది తప్ప ఇంగో పని తెలియని సేతులు, మట్టిలో పగిలి నెత్తురు కారుతాంటే సూసి నేనే ఏడ్సినా. హుసేనమ్మ మాత్రం ఏడ్సల్యా.

ఆ ఫ్యాక్టరీ ఇడిసిపెట్టి రమ్మని హుసేనమ్మకు అందరూ సెప్పిరి. నేనూ సెప్తిని. "అక్కా, ఆ పాపిష్టోని మొగం రోజూ యాడ సూస్తావు, జిన్నింగు మిల్లులో సేరు" అంటిని. ఆమె ఏమనిందో తెలుసా? "నేను పోతే ఆయప్పకు సుకం. నేను కంటికి కనపడతాంటేనే గదా ఆయప్పకు గుర్తుండేది" అనింది. రోజూ పొద్దున గేటు కాడ సావుకారి కారు దిగేటప్పుడు ఎదురుగ్గ నిలబడి, "బాగుండావా అప్పా" అని అడిగేది. నవ్వేది గూడా.  సావుకారి మొగం తిప్పుకోని బిరబిరా లోపలికి పోయేటోడు.

ఆమెకు కావాల్సింది ఒకటే. సావుకారి తన నోటితో, అదే మార్కెట్టోళ్ళ ముందర, వాజిద్ తప్పు లేదని సెప్పాల. క్షమాపణ గాదు, దుడ్లు గాదు. ఆ మాట ఊళ్ళో తిరిగితేనే మళ్ళా పరుపులొస్తాయి.

పోయినేడు ఎండాకాలం అయిపోయేటప్పుడు బెంగళూరు నుంచి పెద్ద బేరం వచ్చె. ఆసుపత్రులకు సరుకు పంచే కంపెనీ. దూది నచ్చింది గానీ ఐఎస్ఓ సర్టిఫికెట్ లేకుంటే కొనేది ల్యా అనిరి. అదేందంటే, ఈ ఫ్యాక్టరీలో పని పద్ధతిగా జరుగుతాండాది, తప్పొస్తే ఎందుకొచ్చిందో కనుక్కోని సరి సేసుకుంటారు అని బయటోళ్ళు వచ్చి సూసి ఇచ్చే కాయితం. దానికి మమ్మల్ని తయారు సేసేకి కర్నూలు నుంచి పల్లవి అని ఒక మేడం వచ్చె. వయసు సిన్నదే, మాట మంచిది. నేల మింద పసుపు గీతలు గీపిచ్చె, నెత్తికి టోపీలు పెట్టిచ్చె, ఎక్కడి వస్తువు అక్కడ పెట్టిచ్చె. కార్డింగ్ మిషనుకు కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ దూదిలో పడతాయని తీపిచ్చె. ఆమె అట్ల పోతానే సావుకారి వాటిని మిషన్ ఎనక దిక్కు కట్టినాడు. మేము పైట అడ్డం పెట్టుకోని నవ్వితిమి.

రోజూ పొద్దున సావుకారి ఊదొత్తులు ముట్టిచ్చి మిషన్లకు మొక్కినాక, మమ్మల్నందర్నీ బడిపిల్లోళ్ళ మాదిరి నిలబెట్టి పాఠం సెప్పేది పల్లవి మేడం. సర్టిఫికెట్ ఇచ్చేకి సూడవచ్చే ఆడిటర్ సారు ఎవర్నైనా అడగొచ్చు, భయపడకుండా సెప్పాల అనేది. ఒక పొద్దు అట్లనే నిలబెట్టి, సావుకారిని అడిగె.

"సార్, ఆ పాత కంప్లైంట్ సంగతి ఆడిటర్ తప్పకుండా అడుగుతారు. వర్కర్ తప్పు, తీసేశామంటే ఒప్పుకోరు. మనిషిని తీసేస్తే తప్పు పోయిందా అంటారు. అసలు ఆ ముక్క ఎక్కడిది?"

సావుకారి వక్కాకు నముల్తాండాడు. ముందర వాజిద్ పెండ్లాం నిలబడి ఉండాదని గూడా లెక్క లేదు. "తీగే మేడం. పాతబడి ఇరిగింది. పోయిన నెల కొత్త తీగ ఏయిచ్చినా కదా" అన్యాడు. ఎంత సులబంగా అన్యాడంటే, నేను తప్పిన్నానేమో అనుకుంటిని.

పల్లవి మేడానికి ఎనకటి కత తెల్దు పాపం. "మంచిది, అదే చెప్పాలి. అందరూ అనండి. కార్డింగ్ మిషన్ తీగ పాతబడి విరిగింది. కొత్తది వేశాం. ఇప్పుడు వారం వారం చూస్తున్నాం."

అందరం అంటిమి. రోజూ అంటిమి. వాజిద్ తప్పు లేదని ఆ షెడ్డులో అందరి సేతా ఊదొత్తుల పొగలో సదివిస్తాండారు, ఆ వాజిద్ మాత్రం దేవనకొండ దిక్కు ఎండలో కూలి సేస్తాండాడు.  పక్కన హుసేనమ్మ నా సెయ్యి పట్టుకోనుండాది, గోర్లు దిగబడినాయి. అయినా ఆ మూడు మాటలూ అందరి కంటే గట్టిగా, తప్పు పోకుండా సెప్పింది. "శభాష్ హుసేనమ్మా, ఆడిటర్ గారి ముందు నువ్వే నిలబడాలి" అనె మేడం.

ఆ మధ్యాన్నం హుసేనమ్మ సావుకారి గదికి పోయింది. నన్నూ తోడు తీస్కపోయింది. కోపంగా అడగల్యా. మెత్తగానే అడిగింది.

"అప్పా, పొద్దున సెప్పిన మాటే మార్కెట్లో గూడా ఒక తూరి సెప్పు. మా ఆయన మళ్ళా పరుపులు కుట్టుకుంటాడు. నిన్నేమీ అడగం."

సావుకారి నవ్వినాడు. "అది సర్టిఫికెట్ కోసం సెప్పే మాటమ్మా. బజార్లో మాట బజార్లోదే. ఇప్పుడు పోయి నాదే తప్పంటే నా పరువేం గావాల? ఇంత కాలమైంది, ఇంగా దాన్నే పట్టుకోని ఏలాడతావా? పో, పని సూసుకోపో."

ఆమె ఎనక్కొచ్చి, సద్ది ఇప్పి, జొన్నరొట్టె మొత్తం తినింది. సెయ్యి కడుక్కోని నాతో సెప్పింది. "మద్దమ్మా, ఇంగ అడిగేది ల్యా. వాని నోటితోనే అరిపిస్తా. ఊరంతా ఇనేటట్ల అరిపిస్తా. వాడు తల కొట్టుకోని, వాజిద్ మంచోడని ఏడ్సాల. అంత వరకూ నాకు నిద్ర ల్యా." ఆ మాట అనేటప్పుడు ఆమె కండ్లు సూసి నాకు భయమేసింది.

ఆమె ఏం సేసేదో నాకు తెల్దు గానీ, సావుకారే ఆమెకు దోవ ఏసిచ్చినాడు. మా దిక్కు సావుకార్లకు ఏది జరిగినా అంగడి తెరిసినట్ల జరగాల. ఆడిటర్ వచ్చే దినమంటే సర్టిఫికెట్ సేతికిచ్చే దినమనుకున్యాడు ఈయప్ప! పంతుల్ని అడిగి గడియ పెట్టిచ్చినాడు. కార్డులు అచ్చేయించి మార్కెట్ యార్డులో ఒక్కర్నీ ఇడవకుండా పంచినాడు. షామియానా, సన్నాయి మేళం, వచ్చినోళ్ళందరికీ ఉగ్గాని బజ్జీ. పల్లవి మేడం కార్డు సూసి తల పట్టుకోని కూకునె.

"సార్, ఆడిట్ అంటే పరీక్ష. పరీక్ష రాసే రోజే పాసయ్యామని టిఫిన్లు పెడతారా?"

"మంచి గడియ మేడం, పోగొట్టుకోకూడదు. ఆ సారుకు గూడా శాలువా కప్పి పంపిస్తాం" అన్యాడు.

ఆ కార్డు ఒకటి హుసేనమ్మ సేతికొచ్చింది. నాతో సదివిచ్చుకోనింది. "మార్కెట్టోళ్ళు అందరూ వస్తారా మద్దమ్మా?" అనింది. అందరూ వస్తారక్కా, బజ్జీలుండాయి కదా, రాకుండా యాడికి పోతారు అంటిని. ఆమె కడుపారా నవ్వింది. వాజిద్ పని పోయినప్పట్నుంచి ఆమె అట్ల నవ్వేది నేను సూడల్యా. ఏం సేస్తావే అంటే మాత్రం సెప్పల్యా.

ఆ దినం ఆడిటర్ సారు బెంగళూరు నుంచి దిగినాడు. సన్నటి మనిషి, నెత్తి నెరిసింది. కన్నడం కలిపిన తెలుగు. కారు దిగుతానే సన్నాయి ఊదిరి, మెడలో పూలదండ పడె. ఆయప్ప దండ తీసి పల్లవి మేడం సేతిలో పెట్టి, "ఇదెల్లా బేడమ్మా, వద్దు, పని సూపించు" అని నేరుగా షెడ్డులోకి నడిసె. మార్కెట్టోళ్ళు ఊరకుంటారా? బజ్జీల పళ్ళేలు పట్టుకోని ఎనకే వచ్చిరి. టోపీ లేంది లోపలికి రాకూడదని మేడం ఆపితే, తలుపు కాడ గుంపుగా నిలబడి తొంగి తొంగి సూడబట్టిరి. సావుకారి మొగం మతాబా మాదిరి ఎలుగుతాండాది.

సారు ఒకటొకటే సూసుకుంటా కార్డింగ్ మిషన్ కాడికొచ్చి నిలబడె. హుసేనమ్మ టోపీ పెట్టుకోని ముందరే ఉండాది.

"ఈ మిషన్ దూదిలో ముందొకసారి ఇనుము వచ్చింది అంట. యాకమ్మా, ఎందుకు వచ్చింది?"

 మా నోర్లలో ఆ మూడు మాటలూ తయారుగుండాయి. హుసేనమ్మ గొంతెత్తి, తలుపు కాడోళ్ళకు గూడా ఇనపడేటట్ల సెప్పింది.

"మా ఆయన ఏసినాడు సార్. పరుపులు కుట్టే దబ్బనం ఇరగ్గొట్టి దూదిలో ఏసినాడు. సూది వాజిద్ పెండ్లాన్ని నేను. సావుకారే కనుక్కోని, పనిలోంచి తరిమేసినాడు."

 సావుకారి నోట్లో వక్కాకు నోట్లోనే ఉండె. సారు సేతిలో కాయితం సూసి, ఆమెను సూసె. "తీగ ఇరిగింది అంత ఇందులో రాసిదారె కదమ్మా?"

"అబ్బే, తీగకేమైతాది సార్. బంగారట్లాంటి తీగ. మిషన్లో దోషం లేదని ఆయప్పే సెప్పినాడు. కావాలంటే అదో, తలుపు కాడ నిలబడినారే, వాళ్ళను అడుగు. వాళ్ళందరి ముందరే సెప్పినాడు."

సారు తలుపు దిక్కు తిరిగె. ఒక లావుపాటి యాపారస్తుడు నోట్లో బజ్జీ పెట్టుకోనే, "ఔను సార్, మాకు తెలుసు. దబ్బనం గూడా సూపిచ్చినాడు. నువ్వే కదా మహేశ్వరా సూపిచ్చింది" అన్యాడు. సాయం సేస్తాండాననుకున్యాడు పాపం.

సారు కాయితం మడిసె. "ఏనప్పా ఇది? ఆసుపత్రి దూదిలో మనిషే సూదులు ఏసినాడు, నువ్వు దాన్ని దాసిపెట్టి తీగ అని రాసినావా? అట్లాదరె నేను ఇక్కడ సూసేది ఏమీ ఇల్ల." అని మేడం సేతిలో ఉండే తన బ్యాగు అందుకోబాయె.

అప్పుడు అరిసినాడప్పా మహేశ్వర్ సావుకారి! ఆ అరుపు రోడ్డు మింద ఆటోలోళ్ళకు గూడా ఇనపడింటాది.

"ల్యా సార్, ల్యా! ఈమె అబద్ధం సెప్తాండాది! వాజిద్ ఏమీ సేయల్యా! దబ్బనం గిబ్బనం ఏం ల్యా! తీగే సార్, తీగే ఇరిగింది!"

"నేను అబద్దమా అప్పా?" అనింది హుసేనమ్మ నెమ్మదిగా. "నువ్వు సెప్పిందే కదా సెప్పినా."

"నేనే అబద్ధం సెప్పినా!" అని సావుకారి రెండు సేతులూ జోడిచ్చె, సారుకో ఆమెకో తెల్దు. "వాజిద్ మంచోడు సార్. తీగ మార్సమని వాడే సెప్పినాడు, నేనే మార్సల్యా. దేవుని తోడు!"

బజ్జీలు నమిలే సప్పుడు గూడా ఆగిపాయె. హుసేనమ్మ మెడ తలుపు దిక్కు తిప్పి, "ఇనపడిందా అప్పా అందరికీ? ఎనకాలోళ్ళకు?" అని అడిగింది. ఎనకాలోళ్ళకూ ఇనపడింది. నాకు ఈల ఏయాలనిపిచ్చింది, మేడం మొగం సూసి ఊరకుంటిని.

సారు నిదానంగా అడిగె. తప్పు తెలిసీ ఆ మనిషిని తీసేసి ఆ తీగను అంత కాలం ఉంచుకున్యావా అని. సారు అదంతా కాయితం మింద రాసుకున్యాడు. ఈ తూరికి సర్టిఫికెట్ లేదు, కొత్త తీగ ఎట్ల పని సేస్తాందో సూసేకి మళ్ళా వస్తా, వచ్చినప్పుడు మొదట ఈ అమ్మతోనే మాట్లాడతా అని సెప్పి, ఉగ్గాని గూడా ముట్టకుండా కారెక్కె. శాలువా కుర్చీ మింద అట్లనే ఉండిపాయె.

కారు గేటు దాటిందో ల్యాదో, సావుకారి హుసేనమ్మ మిందికి లేసినాడు. "నీ అంతు సూస్తా. ఈ పొద్దే నిన్ను తీసేస్తాండా" అని. పల్లవి మేడం అడ్డమొచ్చె. "తీసేయండి సార్. ఆయన మళ్ళీ వచ్చి ఈమె ఏదంటే ఏం చెప్తారు?" అనె. ఆ పిల్లకు అప్పటికే సంగతంతా అర్తమైపోయింది, గొంతులో కోపముండె. సావుకారి గాలి తీసిన ట్యూబు మాదిరి కుర్చీలో కూలబడె.

"ఏం గావాల నీకు? వాజిద్‌ను రేపే పనికి రమ్మను."

"ఆయన నీ గడప తొక్కడు" అనింది హుసేనమ్మ. "నోటి మాట గాలికి పోతాది అప్పా. ఆడిటర్‌కు భయపడి అన్యానని రేపు బజార్లో నువ్వే అంటావు. నువ్వు పండుకునే పరుపు మా ఇంటికి పంపు. మా ఆయన తిరగేసి కుట్టిస్తాడు. దాని మీద నువ్వు పండుకో. అప్పుడు నమ్ముతారు జనం. ఆ సారు వచ్చినప్పుడు నేను మూడు మాటలూ తప్పు పోకుండా సెప్తా. పంపకపోతే, ఈ పొద్దు సెప్పిందే మళ్ళా సెప్తా."

మార్కెట్టోళ్ళు సేతులు కడుక్కునేటోళ్ళు కడుక్కునేటట్లే ఆగి సూస్తాండారు. "పంపు మహేశ్వరా, దానికేముంది" అన్యాడు ఆ లావుపాటాయన. పంపక యాడికి పోతాడు?

మర్నాడు పట్టపగలు, ఆటో మింద కట్టిన సావుకారి పట్టు పరుపు మార్కెట్ ముందర నుంచే మా ఈదికొచ్చె. ఆటోవానికి ఆ దోవనే రమ్మని హుసేనమ్మే సెప్పింది. వాజిద్ దాన్ని సూసి నాకొద్దన్యాడు. "వాని పరుపు నేను ముట్టను" అని గోడ దిక్కు తిరిగి ఏడ్సినాడు. ఆమె ఏడ్సనిచ్చింది. ఏడ్సినాక దబ్బనం సేతిలో పెట్టింది. ఒక తూరి దూదిలో సెయ్యి పెట్టినాక ఆయప్ప మనిషి మారిపాయె. గింజంత ముద్ద లేకుండా ఏకినాడు, మూలమూలకూ సమంగా నింపినాడు. అంత మంచి పరుపు ఆదోనిలో ఎవరింట్లోనూ ఉండదు, నా బిడ్డల మింద ఒట్టు. అందులో దూది తప్ప ఇంగేమీ ల్యా. నేను పక్కనే కూకోని కండ్లారా సూసినా.

పరుపు పోయె. సావుకారి మార్కెట్లో అందరికీ సెప్పుకున్యాడు, వాజిద్ పనంటే పని, మబ్బుల మింద పండుకున్నట్లుండాది అని. సెప్పక సస్తాడా? ఆ వారం తిరక్కముందే మా ఈదికి పరుపులు రాబట్టె. సూది వాజిద్ అనేటోళ్ళు వాజిదన్నా అనబట్టిరి. ఆడిటర్ సారు మళ్ళా వచ్చె, హుసేనమ్మ మూడు మాటలూ సెప్పె, సర్టిఫికెట్ వచ్చె. అద్దం కట్టి సావుకారి కుర్చీ ఎనక తగిలిచ్చుకున్యాడు. అంతా అయిపోయింది, ఇంగ ఈమె పగ సల్లారింటాదని అనుకుంటిని.

మా అక్క హనుమక్క సావుకారి ఇంట్లోనే వంట సేస్తాది. పరుపు పోయిన దినమే హుసేనమ్మ ఆమెను ఇంటికి పిలిసి, టీ ఇచ్చి, మెల్లగ ఒక మాట అనింది. "అక్కా, ఆ పరుపు కుట్టినప్పట్నుంచి మా ఇంట్లో ఒక దబ్బనం కనపడ్ల్యా. యాడ పోయిందో ఏమో. ఈ మాట నీ సావుకారి సెవిలో మాత్రం ఎయ్యి. ఇంగొకరి సెవిన పడిందంటే నీకూ నాకూ మాటల్లేవు." మా అక్కకు ఆ ఇంటి మింద ఉండే కోపం తక్కువదా? నోరు మూసుకోని పోయి, సావుకారికి నీళ్ళిచ్చేటప్పుడు ఆ ఒక్క సెవిలోనే ఏసింది.

ఇంగ సావుకారి ఎవరితో సెప్పుకుంటాడు? పరుపులో సూది ఉందేమోనని నోరిప్పితే, ఎనకటి అబద్దం మళ్ళా మొదలుపెట్టినట్లే. ఇప్పి సూడమని ఇంగొకరికి ఇస్తే, ఊరంతా అడుగుతాది ఎందుకిచ్చినావని. పొద్దున లేస్తే మార్కెట్లో ఆ పరుపునే పొగడాల. మా అక్క సెప్తాది, ఆయప్ప రోజూ అరిసేతులతో పరుపంతా తడిమి తడిమి సూసి, నడుం నొప్పని పెండ్లానికి సెప్పి, మంచం పక్కన బండల మింద సాప ఏసుకోని పండుకుంటాడంట. నిద్ర ల్యాక కండ్ల కింద నల్లగా వాసిపోయినాయంట.

మొన్న మా అక్క వచ్చి ఆ సంగతే మళ్ళా సెప్తాంటే, హుసేనమ్మ ఉగ్గాని తింటా ఇనింది. "ఇంగ సాల్లేవే, సచ్చేటట్లుండాడు. ఆ దబ్బనం దొరికిందని సెప్పమంటావా?" అని అడిగింది మా అక్క.

హుసేనమ్మ ఇంగో బజ్జీ తీసుకున్యాది. "ఎతుకుతాండామని సెప్పక్కా" అనింది. దబ్బనం ఆమె కొప్పులోనే ఉండాది.